టెలిస్కోప్‌కి ఒక్క స్టార్ ఇచ్చే ముందు దాని అద్దాలు సరిచేసి చూడండి

షాపింగ్ సైట్లలో రిఫ్లెక్టర్ టెలిస్కోపుల కింద ఉండే ఒక్క స్టార్ రివ్యూలు చదవడం నాకో అలవాటు. కొన్నాళ్లు చదివితే మీకూ అర్థమవుతుంది, ఫిర్యాదులన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. చంద్రుడు పర్వాలేదు గానీ శని ఉంగరాలు కనిపించలేదని ఒకరు. గురుగ్రహం ఒక పక్కకి సాగినట్టు, తోక ఉన్నట్టు కనిపిస్తోందని ఇంకొకరు. ఫోకస్ ఎంత తిప్పినా మసకే అని మరొకరు. కింద ఒక ఫోటో, ఆ ఫోటోలో నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక తెల్లటి మరక. డబ్బు దండగ, కొనకండి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ రివ్యూల్లో చాలావాటికి టెలిస్కోప్‌తో సంబంధం లేదు. వాళ్లు రేటింగ్ ఇచ్చింది కొరియర్ వ్యాన్ కుదుపులకి. గోడౌన్ నుంచి ఇంటి గుమ్మం దాకా ఆ డబ్బా ఎన్నిసార్లు కిందపడిందో, లోపల అద్దాలు అంత పక్కకి జరిగాయి. వాటిని సరిచేసే పనిని కొలిమేషన్ అంటారు. పేరు భయంకరంగా ఉంటుంది, పని మాత్రం పావుగంట. ఆ పావుగంట తెలియక మిడ్ రేంజ్ ఫోన్ అంత డబ్బు పెట్టి కొన్నది అటక ఎక్కుతోంది. ఇంట్లో పిల్లలేమో ఆకాశం అంటే ఇంతేనేమో అనుకుంటున్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ రెండోదే.

ఇందులో కొన్నవాళ్ల తప్పేం లేదు. మనమంతా ఫోన్లకి అలవాటు పడ్డాం. ఫోన్ కెమెరాలో లెన్సుల్ని, సెన్సర్‌ని ఫ్యాక్టరీలో మెషిన్లే మైక్రాన్ల లెక్కన సరిచేసి, గమ్ పెట్టి అతికించేస్తాయి. డబ్బా తెరిచాక మన పని బటన్ నొక్కడమే. రిఫ్లెక్టర్ టెలిస్కోప్ ఆ జాతి కాదు. దీన్ని వీణ లెక్కన చూడాలి. వీణ కొని ఇంటికి తెచ్చి, తీగ మీటి, అపశ్రుతి పలికిందని షాపుకి తిరిగి పంపేవాళ్లు ఉండరు. శ్రుతి చేసుకున్నాకే వాయించడం. టెలిస్కోప్‌కీ అంతే. మేడ మీదకి మోసుకెళ్లిన ప్రతిసారీ ఒకసారి చూసుకోవాలి, జరిగి ఉంటే సరిచేసుకోవాలి.

ముందు లోపల ఏముందో చూద్దాం. న్యూటన్ 1668లో చేసిన డిజైనే ఇప్పటికీ నడుస్తోంది. గొట్టం అడుగున పుటాకార అద్దం, అదే ప్రైమరీ. పైన, గొట్టం నోటి దగ్గర, సన్నటి రేకుల మధ్య వేలాడుతూ 45 డిగ్రీల వాలులో ఒక చిన్న సమతల అద్దం, అది సెకండరీ. ప్రైమరీ పట్టిన వెలుగుని సెకండరీ పక్కకి తిప్పి ఫోకసర్‌లోకి పంపుతుంది, అక్కడ మనం ఐపీస్ పెట్టుకుని చూస్తాం. ప్రైమరీ వెనక మూడు స్క్రూలు, వాటికి స్ప్రింగులు. సెకండరీ వెనక మధ్యలో ఒక బోల్టు, చుట్టూ మూడు చిన్న స్క్రూలు. కొలిమేషన్ అంటే ఈ రెండు సెట్ల స్క్రూలతో ఆడే ఆట.

ఎంత కచ్చితంగా చెయ్యాలి అనేది అందరికీ ఒకటి కాదు. యూట్యూబ్ వీడియోల్లో దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. పారాబోలిక్ అద్దం సరిగ్గా దాని అక్షం మీదే శుభ్రమైన బొమ్మ ఇస్తుంది. పక్కకి వెళ్లేకొద్దీ చుక్క కాస్తా తోకచుక్క అవుతుంది, దాన్నే కోమా అంటారు. బొమ్మ షార్ప్‌గా ఉండే ఆ మధ్య ప్రాంతం ఎంత వెడల్పో తెలియాలంటే మీ టెలిస్కోప్ ఎఫ్ నంబర్‌ని ఘనం చేసి 0.022తో గుణించండి, జవాబు మిల్లీమీటర్లలో వస్తుంది. ఎఫ్/8 అయితే దాదాపు 11 మి.మీ. ఎఫ్/5 అయితే 2.75 మి.మీ. ఎఫ్/4 అయితే 1.4 మి.మీ. మాత్రమే. కాబట్టి పొడుగాటి ఎఫ్/8 గొట్టం ఉన్నవాళ్లు కొంచెం అటూ ఇటూ అయినా హాయిగా చూసుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 130/650, 150/750 మోడళ్లు రెండూ ఎఫ్/5. అంటే ఆ మంచి ప్రాంతం ఒక పెసర గింజ కన్నా చిన్నది, మీ ఐపీస్ మధ్యభాగం దాని మీద పడాలి.

ఈ సంగతి చెప్పగానే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా, లేజర్ కొలిమేటర్ కొను అని. నేను ఒప్పుకోను. మొదటి కొనుగోలుగా అయితే అస్సలు వద్దు.

లేజర్ చూడ్డానికి చాలా గ్యాడ్జెట్‌లా ఉంటుంది. ఫోకసర్‌లో పెట్టి ఆన్ చేస్తే ఎర్ర చుక్క ప్రైమరీ మీద పడుతుంది. సెకండరీ స్క్రూలు తిప్పి ఆ చుక్కని మధ్య గుర్తు మీదకి తేవాలి, తర్వాత ప్రైమరీ స్క్రూలు తిప్పి వెనక్కి వచ్చే కిరణాన్ని బయల్దేరిన చోటికే పంపాలి. రెండు నిమిషాల పని, వీడియోకి బాగుంటుంది. కానీ ఇదంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. లేజర్ డయోడ్ తన గొట్టంలో తాను నిటారుగా కూర్చుంది అన్న నమ్మకం. చవక లేజర్లలో అక్కడే తేడా కొడుతుంది.

పరీక్షించడం తేలిక. చెక్క ముక్కకి నాలుగు మేకులు కొట్టి, వాటి మధ్య లేజర్‌ని పడుకోబెట్టి, ఐదు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీదకి చూపిస్తూ మెల్లగా దొర్లించండి. చుక్క ఉన్నచోటే ఉంటే మీరు అదృష్టవంతులు. నా చేతికొచ్చిన లేజర్ గోడ మీద దాదాపు మూడు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న వృత్తం గీసింది. లెక్క వేసుకోండి. ఐదు మీటర్లకి ఒకటిన్నర సెంటీమీటరు పక్కకి పోతే, 750 మి.మీ. దూరంలో ఉన్న ప్రైమరీ దగ్గర రెండు మి.మీ. పైనే పక్కకి పోతుంది. ఆ పొరపాటులో సగం వరకు ప్రైమరీ వంపులో కలిసే అవకాశం ఉంది. ఎఫ్/5 టెలిస్కోప్‌కి మనకున్న మొత్తం చోటే 2.75 మి.మీ., మధ్య నుంచి చూస్తే 1.4 కూడా లేదు. అందులో చాలా భాగాన్ని సరిచేసే పరికరమే మింగేస్తే ఇంక సరిచేసేది ఏముంది?

పైగా ఫోకసర్‌లో లేజర్ వదులుగా కూర్చుంటుంది. పక్కనున్న స్క్రూ బిగించగానే ఒరుగుతుంది, వదిలేస్తే మళ్లీ ఇంకోలా ఒరుగుతుంది. తీసి పెట్టిన ప్రతిసారీ చుక్క కొత్త చోట. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఈ బాధ తెలుసు, ప్రతి రన్‌కీ వేరే జవాబిచ్చే టెస్ట్‌ని పెట్టుకుని కోడ్‌లో బగ్ వెతకడం లాంటిది.

ఇంకో విషయం. సెకండరీ ఫోకసర్‌కి ఎదురుగా, సరైన ఎత్తులో ఉందా లేదా అన్నది లేజర్ అసలు చెప్పదు. సెకండరీ ఒక పక్కకి తిరిగి ఉన్నా, కిందకి జారి ఉన్నా, చుక్క మాత్రం చక్కగా వెళ్లి చక్కగా తిరిగొస్తుంది. అంతా ఓకే అన్నట్టు చూపిస్తుంది. మీరు ఐపీస్‌లో చూస్తే ప్రైమరీ వెలుగులో కొంత భాగం వృథాగా పోతూ ఉంటుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లకి ఒక దారి ఉంది. స్వీడన్‌కి చెందిన నిల్స్ ఓలోఫ్ కార్లిన్ అనే ఆయన 2003లో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో దీని గురించి రాశారు. లేజర్‌ని నేరుగా కాకుండా బార్లో లెన్స్‌లో పెట్టి, ఆ బార్లోని ఫోకసర్‌లో పెట్టాలి. అప్పుడు కిరణం సన్నటి గీతలా కాకుండా విచ్చుకుని ప్రైమరీ మధ్యభాగం మొత్తం మీద పడుతుంది. అక్కడ అతికించి ఉన్న రింగ్ నీడ వెనక్కి వస్తుంది. బార్లో కింది అంచుకి మధ్యలో చిల్లు ఉన్న తెల్ల కాగితం బిళ్ల అతికిస్తే ఆ నీడ దాని మీద కనిపిస్తుంది. నీడని చిల్లు చుట్టూ సమంగా వచ్చేలా ప్రైమరీ స్క్రూలు తిప్పితే సరి. లేజర్ కొంచెం వంకరగా ఉన్నా ఫలితం పెద్దగా మారదు. వంకర లేజర్‌ని కూడా పనికొచ్చేలా చేశాడు, నాకు భలే నచ్చిన ఐడియా ఇది. ఒక్క జాగ్రత్త, లేజర్ ఆన్‌లో ఉండగా గొట్టం నోట్లోకి తల పెట్టి చూడకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అద్దాల మీద పడి తిరిగొచ్చే కిరణం కూడా కిరణమే.

సరే, లేజర్ వద్దంటే మరి ఏం కావాలి? చిల్లున్న మూత. నిజంగా అంతే. ఫోకసర్‌కి దుమ్ము పడకుండా ఇచ్చే ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాని సరిగ్గా మధ్యలో రెండు మి.మీ. చిల్లు పెట్టండి. చాలా మూతలకి మధ్యలో అచ్చు పోసినప్పటి చిన్న బొడిపె ఉంటుంది, అదే గుర్తు. లేకపోతే కాగితం మీద కంపాస్‌తో అంతే వృత్తం గీసి, కత్తిరించి, దాని మీద పెట్టి మధ్య గుర్తించండి. లోపలి వైపు తెల్ల కాగితం అతికిస్తే ఇంకా మంచిది, చిల్లు ప్రతిబింబం నల్ల చుక్కలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఈ మూతని డబ్బాలోనే ఇస్తాయి. కొన్నవాళ్లు దాన్ని మామూలు మూత అనుకుని పక్కన పడేస్తారు, మీ డబ్బాలో ఒకసారి వెతకండి.

పని పగటి వెలుగులోనే చేసుకోవచ్చు. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టండి, నిలబెట్టి మాత్రం వద్దు. అలెన్ కీ చేతిలోంచి జారితే తిన్నగా వెళ్లి ప్రైమరీ మీద పడుతుంది. ఆ శబ్దం ఒకసారి విన్నవాళ్లు జీవితంలో మర్చిపోరట.

మూత చిల్లులోంచి చూడండి. మొదట సెకండరీ అంచు మాత్రమే పట్టించుకోండి. అది గుండ్రంగా కనిపించాలి, ఫోకసర్ గొట్టానికి మధ్యలో ఉండాలి. అంచు సరిగ్గా తెలియకపోతే సెకండరీ వెనక, గొట్టం గోడకి ఒక రంగు కాగితం పెట్టండి, ప్రైమరీ వైపు కనపడకుండా ఇంకో తెల్ల కాగితం అడ్డం పెట్టండి. అండాకారంలో కనిపిస్తే సెకండరీని కొద్దిగా తిప్పాలి, ఒక పక్కకి ఉంటే మధ్య బోల్టుతో ముందుకో వెనక్కో జరపాలి. ఆ బోల్టుని మరీ వదులు చేయకండి, అద్దం ఊడి చేతికొస్తుంది. ఇది ఒక్కసారి బాగా కుదిరితే నెలలు గడిచినా కదలదు. విసుగొచ్చేది కూడా ఇక్కడే. మొదటిసారి అరగంట పట్టినా తిట్టుకోకండి.

తర్వాత కాగితాలు తీసేసి సెకండరీ చుట్టూ ఉన్న మూడు స్క్రూలు. ఒకటి వదులు చేసి ఇంకోటి బిగించాలి, పావు చుట్టుకి మించి వద్దు. ప్రైమరీ అద్దం మొత్తం, దాన్ని పట్టుకున్న మూడు క్లిప్పులతో సహా, సెకండరీలో కనిపిస్తే ఇది అయిపోయినట్టే.

చివర్లో ప్రైమరీ. వెనకాల ఆరు స్క్రూలు ఉంటే అందులో మూడు తాళాలు, వాటిని ముందు వదులు చేయండి. మిగతా మూడు తిప్పుతూ చూస్తే, మూత చిల్లు ప్రతిబింబం ఒక నల్ల చుక్కలా ప్రైమరీ మధ్యనున్న రింగ్ వైపు జరుగుతూ వస్తుంది. ముగ్గులో చుక్క పెట్టినట్టు అది రింగ్ మధ్యలో కూర్చోవాలి. 750 మి.మీ. గొట్టం అయితే కన్ను తీయకుండానే చెయ్యి అందుతుంది. ఎనిమిది అంగుళాల పెద్దదైతే ఇంకో మనిషి కావాలి. మా అమ్మకి ఇప్పుడు ఏ స్క్రూ ఎటు తిప్పితే చుక్క ఎటు పోతుందో నాకన్నా బాగా తెలుసు. తాళం స్క్రూలు మళ్లీ బిగించేటప్పుడు చుక్క కదులుతుంది, అందుకే మెత్తగా బిగించి ఇంకోసారి చూసుకోండి.

రెండు అనుమానాలు అందరికీ వస్తాయి. సెకండరీ నల్లటి నీడ కాస్త ప్రైమరీ వైపు జరిగినట్టు కనిపిస్తుందేంటి అని. ఎఫ్/5 లాంటి వాటిలో అది అలాగే ఉండాలి, దాన్ని మధ్యకి తేవాలని చూస్తే మిగతాదంతా చెడుతుంది. రెండోది, అద్దం మధ్యలో స్టిక్కర్ అంటిస్తే వెలుగు తగ్గదా అని. ఆ మధ్యభాగం ఎలాగూ సెకండరీ నీడలో ఉంటుంది, దానిమీద పడే నక్షత్రాల వెలుగంటూ ఏమీ లేదు.

ఇది ఫోన్ల సైట్ కాబట్టి ఆ ప్రశ్న కూడా. ఫోన్‌తో చేయొచ్చా? చేయొచ్చు, మూత ఉంటేనే. మూత చిల్లుకి ఫోన్ మెయిన్ కెమెరా ఆనించి ఫోటో తీస్తే ఎక్కడి నుంచి చూస్తున్నామో ఆ చిల్లే నిర్ణయిస్తుంది, కాబట్టి బొమ్మని నమ్మొచ్చు. మూత తీసేసి ఫోన్‌ని నేరుగా ఫోకసర్ మీద పెడితే మాత్రం, లెన్స్ రెండు మి.మీ. అటు జరిగినా సరిగ్గా ఉన్న అద్దం కూడా వంకరగా కనిపిస్తుంది. ఆటో మోడ్‌లో పెడితే ఫోన్ తనంతట తనే వైడ్‌కో మ్యాక్రోకో మారిపోతుంది. ప్రో మోడ్‌లో మెయిన్ లెన్స్ ఎంచుకుని, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టండి. కంటికి తేలని సెకండరీ అండాకారం, ఫోటోని పెద్దది చేస్తే ఇట్టే తెలిసిపోతుంది. తెలిసినవాళ్లకి వాట్సాప్‌లో పంపి అడగొచ్చు కూడా. ఈ పనికి ఫోన్‌ని మించింది లేదు.

ఇదంతా అయ్యాక అసలు తీర్పు నక్షత్రానిది. ఐపీస్‌లో ఎక్కువ మాగ్నిఫికేషన్ పెట్టి, ఒక నక్షత్రాన్ని మధ్యలోకి తెచ్చి, కొంచెం ఔటాఫ్ ఫోకస్ చేయండి. చుక్క విచ్చుకుని వలయాలుగా కనిపిస్తుంది. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే మీ పని అయిపోయింది. ఒక పక్కకి నొక్కుకున్నట్టు ఉంటే ప్రైమరీ స్క్రూ ఒకటి కొద్దిగా తిప్పండి, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకి తెచ్చి చూడండి. ఇంకా చెడితే వెనక్కి తిప్పండి. ఇది పల్లెటూరి పద్ధతి అనుకోకండి. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి 2022 మొదట్లో చేసింది కూడా ఈ వరసే. సప్తర్షి మండలంలోని హెచ్‌డీ 84406 అనే ఒకే ఒక్క నక్షత్రాన్ని చూపిస్తే, 18 అద్దం ముక్కలు 18 చుక్కలు చూపించాయి. వాటిని మోటార్లతో జరిపి ఒక్క చుక్క చేశారు. చివరి మెరుగులకి నక్షత్రాన్ని కావాలనే ఔటాఫ్ ఫోకస్ చేసి లెక్కలు వేశారు. వాళ్లకి మోటార్లు, మనకి వేళ్లు, అంతే తేడా.

అయితే ఇంగ్లిష్ గైడ్లు చదివి ఇక్కడ పాటిస్తే ఒక చిక్కు ఉంది. అన్నీ ధ్రువ నక్షత్రాన్ని చూడమంటాయి, అది కదలదు కాబట్టి. అమెరికా, యూరప్‌లో అది ఆకాశంలో సగం ఎత్తున ఉంటుంది. హైదరాబాద్‌లో దిక్చక్రం నుంచి 17 డిగ్రీల ఎత్తు మాత్రమే. అంటే పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ వెనకాల. కనిపించినా అంత దట్టమైన గాలిలోంచి వచ్చేసరికి వలయాలు మరుగుతున్న నీళ్లలా ఊగుతుంటాయి. నా మాట విని డిసెంబర్, జనవరి రాత్రుల్లో రోహిణిని చూడండి, మే, జూన్‌లో స్వాతిని చూడండి. రెండూ మన నడినెత్తి మీదుగా పోతాయి. సరిగ్గా నెత్తి మీద ఉన్నప్పుడు డాబ్సోనియన్ తిప్పడం కష్టం కాబట్టి గంట ముందో గంట తర్వాతో పట్టుకోండి. 150 రెట్ల మాగ్నిఫికేషన్ దగ్గర నక్షత్రం నిమిషంన్నర లోపే ఐపీస్ దాటి వెళ్లిపోతుంది. కంగారు పడకుండా తోసుకుంటూ చూడాలి.

ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే చూడకండి. చల్లటి అద్దం మీద ఆవిరి పడుతుంది, అది పోయాక కూడా గొట్టంలో గాలి కుదురుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ లోపు చేసిన స్టార్ టెస్ట్ చెల్లదు. వానాకాలంలో ఎలాగూ ఆకాశం ఉండదు, స్క్రూలతో చేయి తిప్పుకోవడానికి అదే మంచి సమయం.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, మా టీమ్‌లో ఒకాయన పోయిన చలికాలం కూతురి కోసం 130/650 ఒకటి తెప్పించారు. రెండు రాత్రులు చూసి, సోమవారం రిటర్న్ పికప్ పెట్టేశారు. శనివారం రాత్రి మియాపూర్‌లో వాళ్ల మేడ మీదకి వెళ్లాను. మూత పెట్టి చూస్తే సెకండరీ ఎంత తిరిగిపోయిందంటే ప్రైమరీలో సగమే కనిపిస్తోంది. మూడు క్లిప్పులకి గాను ఒక్కటే ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన పక్కనే నిలబడి "ఇదేంటి బాబూ, కొత్త వస్తువుకి రిపేరా" అంటూనే ఉన్నారు. తర్వాత గురుగ్రహం మీద పెట్టి ఆ పాపని పిలిచాం. రెండో క్లాసు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంకుల్, దీనికి బెల్ట్ ఉంది, రెండున్నాయి. పక్కన చుక్కలు నాలుగున్నాయి" అంది. (నాకు ఇరవై ఆరే, అయినా అంకులే.) నాలుగు చుక్కలూ దాని చంద్రులని చెబితే, మనకి ఒకటే ఎందుకు ఉంది అని వాళ్ల నాన్నని పట్టుకుంది. సోమవారం పికప్ కుర్రాడు వస్తే ఖాళీ చేతులతో పంపించారు.

రెండు రాత్రుల ముందు అదే అద్దం, అదే పాప. అప్పుడు ఆ అమ్మాయి చూసిందీ ఆ రివ్యూ ఫోటోల్లోని తెల్లటి మరకే.

ఇంత తలనొప్పి ఎందుకు, రిఫ్రాక్టర్ కొనుక్కుంటే పోలా అనేవాళ్లున్నారు. 70 మి.మీ. రిఫ్రాక్టర్‌కి ఈ గోల దాదాపు లేదు, నిజమే. పిల్లలకి చంద్రుణ్ణి చూపించడానికి అది చాలు కూడా. కానీ 150 మి.మీ. అద్దం దానికన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. అంత పెద్ద మంచి లెన్స్ కావాలంటే ధర మన జేబు దాటిపోతుంది. అద్దం చవక, బదులుగా శ్రుతి చేసుకునే పని మనది. ఈ బేరం నాకు ఇష్టమే.

కొన్ని వస్తువులకి మాత్రం ఈ సానుభూతి అక్కర్లేదు. 114/1000, 127/1000 అని రాసి, గొట్టం చూస్తే అర మీటరే ఉంటుంది. ఫోకసర్‌లో ఒక లెన్స్ దాచి ఫోకల్ లెంగ్త్ పెంచిన డిజైన్ అది. ఆ లెన్స్ అడ్డం రావడం వల్ల లేజర్ పనిచేయదు, మూతలోంచి చూసినా బొమ్మ తేడాగా ఉంటుంది. లెన్స్ విప్పి, సరిచేసి, మళ్లీ బిగించాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్ని సిఫారసు చేయను. చిన్న టేబుల్‌టాప్ మోడళ్లలో కొన్నిటికి ప్రైమరీ వెనక స్క్రూలే ఉండవు. అవి కొరియర్‌లో కుదిరినట్టు కుదురుతాయి. ఒక్క స్టార్ ఇవ్వాలనుకుంటే అలాంటివాటికి ఇవ్వండి, నేనూ మీతో ఉంటాను.

రివ్యూలు చేసేవాళ్లకి నాదొక విన్నపం. ఫోన్ రివ్యూలో బ్యాటరీ టెస్ట్ ఏ బ్రైట్‌నెస్‌లో చేశారో చెబుతారు కదా. టెలిస్కోప్ రివ్యూలో కూడా, చూపించిన ఫోటో కొలిమేషన్‌కి ముందు తీసిందా తర్వాత తీసిందా అన్న ఒక్క వాక్యం రాయండి. డబ్బాలోంచి తీసినప్పుడు చుక్క రింగ్‌కి ఎంత దూరంలో ఉందో మూతలోంచి ఒక ఫోటో పెట్టండి. అన్‌బాక్సింగ్ వీడియోలో ఐపీస్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, వెనకున్న స్క్రూలని ఒక్కసారీ చూపించకపోతే కొనేవాడికి ఏం తెలుస్తుంది?

కొనేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్లని రెండే అడగండి. ప్రైమరీ వెనక తిప్పే స్క్రూలు ఉన్నాయా, అద్దం మధ్యలో రింగ్ గుర్తు ఉందా. గుర్తు లేకపోయినా మనం పెట్టుకోవచ్చు, అద్దాన్ని ఒకసారి బయటికి తీయాల్సొస్తుంది, అంతే. స్క్రూలు లేకపోతే చేసేదేం లేదు. జవాబు రాకపోయినా, ఫ్యాక్టరీలోనే సెట్ చేసి పంపుతాం, మీరేం తిప్పక్కర్లేదు అని వచ్చినా, ఆ ట్యాబ్ మూసేసి ఇంకోటి చూసుకోండి.